మూడో గడిలో ఎవరి పేరు?

"ఉన్న కాయితాలన్నీ తీసుకొని సోమవారం పదకొండుకు రండమ్మా" అన్నారు వకీలుగారి గుమాస్తా ఫోన్లో. అది బుధవారం సాయంత్రం. నడుమ నాలుగు రోజులున్నాయి. కాయితాలే కదా, అన్నీ బీరువాలోనే ఉన్నాయి, గంటలో సర్దేస్తాను అనుకున్నాను. ఆదివారం రాత్రికి గానీ ఫైలు ముడి వేయలేకపోయాను. నాలాంటి ఇల్లు ఇంకొకటి ఎక్కడో ఉంటుంది. వాళ్ళకు పనికొస్తుందని ఆ నాలుగు రోజుల సంగతి రాస్తున్నాను.

మేముండేది గద్వాలలో. నేను 1996 డీఎస్సీలో సర్కారు బడి టీచర్నయ్యాను. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. మా ఆయన చీరల వ్యాపారం చేసేవారు. 2020 చివర్లో పోయారు. పిల్లలిద్దరు. అమ్మాయికి పెళ్ళయింది, హైదరాబాద్‌లో ఉంటుంది. చిన్నోడికి ఇరవై ఆరేళ్ళు. ఒళ్ళు పెరిగింది కానీ తెలివి ఆరేడేళ్ళ దగ్గర ఆగిపోయింది. సదరం సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం అని రాసి ఉంటుంది. పక్క వీధిలో మగ్గం మీది నుంచి చీర దింపి మడత పెడుతుంటే పొద్దంతా చూస్తూ కూర్చుంటాడు. మడత మడతకీ చప్పట్లు కొడతాడు.

ఇటువంటి బిడ్డ ఉన్న ప్రతి తల్లినీ రాత్రిళ్ళు నిద్ర లేపే ప్రశ్న ఒక్కటే. నా తర్వాత వీడికెవరు? ఆ ప్రశ్న పట్టుకొనే ట్రస్టు రాయించడానికి వకీలు దగ్గరికి బయలుదేరాను.

మాన్యం తెలిస్తే ట్రస్టు తెలిసినట్టే

ట్రస్టు అనగానే మనవైపు గుడో, కాలేజో, లేకపోతే కోటీశ్వరులో గుర్తొస్తారు. మా అమ్మాయి కూడా "మనకంత ఆస్తి ఎక్కడిదమ్మా?" అంది. దానికి దేవుడి మాన్యం గుర్తు చేశాను. గుళ్ళో దీపం ఆరకూడదని వెనకటికి ఎవరో పొలం రాసిస్తారు. ఆ పొలాన్ని ఒకరు చూసుకుంటారు. వచ్చిన పంట దీపానికి పోతుంది. చూసుకునేవాడు ఎన్నేళ్ళు దున్నినా ఆ పొలం వాడిది కాదు. ఇచ్చినవారు, చూసుకునేవారు, ఎవరి కోసం ఇచ్చారో వారు, ఈ మూడు పాత్రలూ వేరువేరుగా ఉంటాయి. ట్రస్టు కూడా ఇంతే.

గుడి మాన్యాలకు దేవాదాయ చట్టాలు వేరే ఉన్నాయి. ఇంట్లో ఒక మనిషి కోసం పెట్టుకునే ట్రస్టుకు వర్తించేది 1882 నాటి భారత ట్రస్టుల చట్టం. అందులో ఆస్తికి ఇంత ఉండాలన్న కనీస పరిమితి ఏమీ లేదు. ఎందుకు పెడుతున్నారు, ఎవరి కోసం, ఏ ఆస్తి, ఎవరి చేతికి, ఈ నాలుగూ స్పష్టంగా ఉండాలి. ఇల్లో పొలమో ఉంటే పత్రం రాసి సంతకం పెట్టి రిజిస్ట్రేషన్ చేయించాలి, లేదా వీలునామాలో రాయాలి.

రాతలోనే ఉండాలని నేను పట్టుబట్టడానికి మా పెద్దమ్మ కారణం. మా పుట్టిల్లు నాగర్‌కర్నూల్ వైపు, కొల్లాపూర్ దగ్గర. 1981లో శ్రీశైలం ముంపులో కృష్ణ నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి. మా పెద్దమ్మకు పుట్టు చెవుడు, మాట రాదు, పెళ్ళి కాలేదు. వచ్చిన పరిహారంతో కొన్న రెండెకరాలు తాత ఒక బంధువు పేరు మీద పెట్టి "దీన్ని సాకండి, పొలం తినండి" అన్నాడు. నోటి మాటే తప్ప రాత లేదు. తాత పోయిన కొన్నేళ్ళకు పొలం అమ్ముడుపోయింది. పెద్దమ్మ చివరి పన్నెండేళ్ళూ నాలుగిళ్ళ మధ్య తిరిగింది. బట్టల మూట ఎప్పుడూ కట్టే ఉండేది. ఎవరింట్లోనూ మూట విప్పుకోలేదు. ఆ మూట చూస్తూ పెరిగినదాన్ని నేను. మాట ఇచ్చిన మనిషి చెడ్డవాడని అనను. అప్పులు మీద పడ్డప్పుడు తన పేరు మీదున్న పొలం తనదే అనిపించి ఉంటుంది. రాత లేకపోతే ఎంత మంచివాడికైనా అలా అనిపించే రోజు వస్తుంది.

మూడు గడుల పట్టీ

గురువారం రాత్రి బడి నోటుబుక్కులో ఒక పేజీని మూడు గడులు చేశాను. మొదటి గడిలో ఆస్తి, రెండో గడిలో దాని కాయితం, మూడో గడిలో అది ఎవరిది. రెండు గడులు తేలిగ్గానే నిండాయి.

గద్వాలలో ఇల్లు 2003లో నా జీతం మీద లోను తీసుకొని కొన్నది. మా ఆయన కొన్న మూడెకరాల ముప్పై గుంటలు వనపర్తి వైపు ఒక ఊళ్ళో ఉన్నాయి. నాగర్‌కర్నూల్‌లో మా నాన్న వదిలిన ఇంటి జాగాలో నా వాటా ఇంకా తేలలేదు. బ్యాంకులో తొమ్మిది లక్షల ఎఫ్‌డీలున్నాయి. ఆ పైన జీపీఎఫ్, సర్కారు ఉద్యోగుల జీవిత బీమా అయిన టీఎస్‌జీఎల్‌ఐ బాండు.

పాత కాయితాలన్నిటి మీదా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాక నా ఆస్తులు మూడు జిల్లాల్లోకి పోయాయి. మాది జోగులాంబ గద్వాల అయింది, పొలం వనపర్తి, పుట్టిల్లు నాగర్‌కర్నూల్. అందుకే ప్రతి ఆస్తి పక్కన పాత జిల్లా, పాత మండలం, ఇప్పటి జిల్లా, ఇప్పటి మండలం, సర్వే నంబరు లేదా ఇంటి నంబరు రాశాను. ఇంటికి ఈసీ తీయించాను. పొలానికి పాసుబుక్కు జిరాక్సు, భూరికార్డుల పోర్టల్ ధరణి నాటి పేజీ, దాని బదులు 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాక తీసిన పేజీ ఒకదానికొకటి పిన్ను చేశాను. వకీలు చేసే మొదటి పని ఇదే. మనం చేసుకుపోతే ఆయన సమయం, మన ఫీజు రెండూ అసలు మాటకు మిగులుతాయి.

మూడో గడి దగ్గరే పెన్ను ఆగింది. ఇల్లు నాది. నా సంపాదనతో, నా పేరు మీద కొన్నది. పొలం? పాసుబుక్కులో నా పేరే ఉంది. నాది అని రాయబోయి ఆగాను.

మా ఆయన వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే ఆయన సొంత ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లికి సమంగా పోతుంది. మా అత్తమ్మ అప్పటికే లేరు. అంటే మూడు వాటాలు. నూట యాభై గుంటల్లో తలా యాభై, ఎకరా పది గుంటలు. మరి 2021లో మొత్తం నా పేరు మీదికి ఎట్లా వచ్చింది?

వారసులుగా పేరు మార్పించుకున్న ఆ విరాసత్ రోజు గుర్తుంది. అమ్మాయి సంతకం పెట్టింది. చిన్నోడి వేలు నేనే పట్టుకొని మిషన్ మీద పెట్టించాను. మిషన్లో ఎర్ర లైటు వెలిగితే వాడికి భలే సంబరమేసింది. ఇంకోసారి పెడతానని వేలు చాపాడు. అందరం నవ్వాం. పని తొందరగా అయిపోయిందని నేను సంతోషపడ్డాను. వాడు వదులుకుంటున్నది ఎకరా పది గుంటలని వాడికి తెలియదు. నాకు తెలిసుండాలి. అర్థం చేసుకొని ఒప్పుకోలేని మనిషి చేసిన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతుంది. వాడి మంచికే అనుకున్నాను. మా పెద్దమ్మ పొలాన్ని తన పేరు మీద పెట్టుకున్నవాళ్ళూ మొదట అలాగే అనుకొని ఉంటారు.

మూడో గడిలో నా పేరు కొట్టేసి ముగ్గురి పేర్లూ రాశాను. పొలాన్ని ట్రస్టులో కలపాలన్న ఆలోచన ఆ రాత్రే పక్కన పెట్టాను. నాది కానిదాన్ని నేనెట్లా రాసిస్తాను? ఈ రికార్డు ఎట్లా సరిచేయాలన్నది వకీలును అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది అయింది.

నామినీ గడిలో పోయిన మనిషి

శుక్రవారం జీపీఎఫ్, టీఎస్‌జీఎల్‌ఐ, బ్యాంకు కాయితాలు తీశాను. రెండింట్లో నామినీగా ఇంకా మా ఆయన పేరే ఉంది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నేను మార్పించలేదు. బడిలో నూరుమంది పిల్లల వివరాలు తప్పు లేకుండా నింపే చెయ్యి సొంత కాయితం దగ్గర బద్ధకించింది.

నామినీ గురించి మనవాళ్ళలో పెద్ద అపోహ ఉంది. బ్యాంకు ఎఫ్‌డీకి నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషి, అంతే. ఆ సొమ్ము ఎవరికి చెందాలో వీలునామానో వారసత్వ చట్టమో చెబుతుంది. షేర్ల విషయంలోనూ నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో తేల్చింది. చిన్నోడి పేరు నామినీగా రాస్తే ఇంకో చిక్కు. డబ్బు వాడి ఖాతాలో పడుతుంది. కానీ వాడి తరఫున సంతకానికి చట్టబద్ధమైన సంరక్షకుడు లేకపోతే ఆ ఖాతా కదలదు.

బీమా గురించి ఒక మాట చెప్పాలి. మాకు తెలియక నష్టపోయాం, మీరు నష్టపోవద్దు. మా ఆయనకు మూడు లక్షల పాలసీ ఉండేది. ఆయన పోయాక వచ్చిన ఆ సొమ్ములో చాలా భాగం చీరల సరుకు అప్పులకే పోయింది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. పెళ్ళయిన మగవాడు పాలసీ తీసుకునేటప్పుడే ఈ చట్టం కింద భార్యాపిల్లల కోసమని రాయిస్తే, ఆ పాలసీ దానంతటదే ట్రస్టు అవుతుంది. అప్పులవాళ్ళు దాన్ని తాకలేరు. పాలసీ తీసుకునే రోజు ఆ ఫారం నింపాలి. వ్యాపారం చేసే తమ్ముళ్ళు, సీడ్ పత్తికి అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టే అన్నలు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

నెలకు ఎంత కావాలి?

శనివారం చిన్నోడి నెల ఖర్చు రాశాను. పగలు చూసుకునే ఆమెకు ఆరు వేలు. తిండికి నాలుగున్నర వేలు. ఫిట్స్ మందులు, డాక్టరు కలిపి పదిహేడు వందలు. బట్టలు, కరెంటు, చిల్లర పద్దెనిమిది వందలు. అత్యవసరానికి పక్కన పెట్టేది వెయ్యి. మొత్తం పదిహేను వేలు. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుంటే పన్నెండేళ్ళకు రెట్టింపవుతాయి. అంటే పన్నెండేళ్ళకు ముప్పై వేలు, ఇరవై నాలుగేళ్ళకు అరవై వేలు. ఆ అంకె చూసి గుండె జారింది.

అప్పుడు పెన్షన్ సంగతి గుర్తొచ్చింది. నేను 2004 సెప్టెంబర్ 1కి ముందు ఉద్యోగంలో చేరినదాన్ని కాబట్టి పాత పెన్షన్ ఉంది. పాత పెన్షన్ ఉన్న ఉద్యోగికి సొంతంగా సంపాదించుకోలేని వికలాంగ సంతానం ఉంటే, తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మామూలుగా అది ఆఖరి మూలవేతనంలో 30 శాతం, దాని మీద కరువు భత్యం. నా మూలవేతనం డెబ్బై అయిదు వేలనుకుంటే ఇరవై రెండున్నర వేలు. ధరలు పెరిగితే కరువు భత్యమూ పెరుగుతుంది. దానికి నేను బతికుండగానే పెన్షన్ కాయితాల్లో వాడి పేరు, వైకల్యం వివరాలు ఎక్కాలి. వాడి తరఫున తీసుకునే సంరక్షకుడు ఉండాలి. ఇల్లు అమ్మి కోటి కూడబెట్టాలేమోనని ఎన్నేళ్ళుగానో భయపడుతున్నాను. ఆ పూట లెక్క రాశాక తెలిసింది, ట్రస్టు మోయాల్సింది పెన్షన్ పోగా మిగిలిన బరువేనని. దానికి నా ఇల్లు, మేడ మీది అద్దె, ఎఫ్‌డీలు చాలు.

సంరక్షకుడి విషయంలో 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఉంది. పేరులో ట్రస్టు ఉన్నా అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి పద్దెనిమిదేళ్ళు దాటాక కూడా సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీలు దాని కింద ఉంటాయి. కలెక్టర్ స్థాయి అధికారి ఆ కమిటీలో ఉంటారు. నియమితులైనవారు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. తల్లినైనా నాకూ ఇది తప్పదు. వాడికి పద్దెనిమిది నిండినప్పుడే చేయాల్సిన పని ఎనిమిదేళ్ళు ఆలస్యం చేశాను. సంరక్షకుడు మనిషికి, ట్రస్టీ సొమ్ముకు. రెండూ ఒకరే కావచ్చు, వేరుగానైనా ఉండవచ్చు.

అమ్మాయి అన్న మాట

శనివారం సాయంత్రం అమ్మాయి వచ్చింది. జొన్నరొట్టెలు కాలుస్తూ మాట మొదలుపెట్టాను. ట్రస్టీలు ముగ్గురు ఉండాలనుకున్నాను. ఇద్దరైతే మాట తెగదు, ఒక్కరైతే అడిగేవారుండరు. ఒకరు అమ్మాయి, ఒకరు మా మరిది కొడుకు, మూడోవారు నాతో ఇరవయ్యేళ్ళు పనిచేసిన టీచరమ్మ. మా ఇంటి ఆస్తితో ఆమెకు ఏ లాభమూ లేదు. అందుకే ఆమెను అడిగాను, ఒప్పుకుంది. మావాడు పోయాక మిగిలింది అక్కకు చెందాలని రాద్దామనుకున్నాను. అదే న్యాయం అనిపించింది.

అమ్మాయి రొట్టె తుంచుతూ ఆగిపోయింది. "అమ్మా, మిగిలింది నాకని రాయొద్దు. రేపు వాన్ని పెద్ద దవాఖానకు తీస్కపోవాల్సి వస్తది. అయిదు లక్షలు కట్టమంటరు. అప్పుడు నా చెయ్యి ఒక్క నిమిషమన్నా ఆగితే ఎట్ల? ఆ నిమిషం నాకొద్దు."

నాకు మాట రాలేదు. అమ్మాయి మంచిదని తెలుసు. మంచితనాన్ని పరీక్షకు పెట్టే రాత రాయకూడదని మాత్రం అప్పటిదాకా తోచలేదు. కాసేపటికి "మరి నీకేం ఇచ్చినట్టు బిడ్డా?" అన్నాను. "పొలంల నా ఎకరా పది గుంటలు నాకు రాయి. అది నాది. ట్రస్టు వానిది" అంది.

ఆ రాత్రి పట్టీ పూర్తయింది. పొలంలో అమ్మాయి వాటా అమ్మాయికి ఇప్పుడే ఇచ్చేయాలి. చిన్నోడి వాటా వాడి పేరుకే తిరిగి రావాలి. నా ఇల్లు, నా డబ్బు ట్రస్టుకు. చివరికి మిగిలేది ఇటువంటి పిల్లలను చూసుకునే సేవాసంస్థకు. ఎవరిది ఏదో ముందే తేలితే ట్రస్టు మీద ఎవరి కన్నూ పడదు. తేల్చుకోకుండా వకీలు దగ్గరికి పోతే ఎంత మంచి పత్రమైనా తగువుకు మొదలే అవుతుంది.

అడగాల్సిన ప్రశ్నలు

ఆదివారం పొద్దున ప్రశ్నలు ఒక పేజీ మీద రాసుకున్నాను.

ఒకటి, 2021 నాటి విరాసత్ ఎట్లా సరిచేయాలి? చిన్నోడికి ముందు సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవాలా?

రెండు, ట్రస్టు ఇప్పుడే రిజిస్ట్రేషన్ చేయించాలా, వీలునామాలో రాయాలా? లేక కొద్ది సొమ్ముతో ఇప్పుడు ట్రస్టు పెట్టి, ఇల్లు నా తర్వాత ఆ ట్రస్టుకే చెందాలని వీలునామా రాయవచ్చా? నాకు మూడోది బాగుందనిపిస్తోంది. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు చాలు. అయినా రిజిస్ట్రేషన్ చేయిస్తాను.

మూడు, మార్చుకునే హక్కు నాకు ఉంటుందా? బతికుండగా రాసిన ట్రస్టును రద్దు చేయాలంటే లబ్ధిదారు ఒప్పుకోవాలి, లేదా ఆ అధికారం ఉందని పత్రంలోనే ఉండాలి. మావాడు ఒప్పుకోలు ఇవ్వలేడు. కాబట్టి పత్రంలో ఉండాల్సిందే. అయితే ఆ అధికారం పెట్టుకుంటే ట్రస్టు ఆదాయం పన్ను లెక్కలో నాదే అవుతుంది. ఏది మేలో ఆడిటర్‌తో కలిపి తేల్చాలి.

నాలుగు, ట్రస్టీలకు ఖర్చులు కాక ఏమైనా ఇవ్వాలా? పత్రంలో రాయకపోతే ట్రస్టీకి జీతం అడిగే హక్కు లేదు. ఏటేటా లెక్కలు చూసే మనిషికి కొంతైనా ఇవ్వడం ధర్మం. ట్రస్టు సొమ్ము ఎక్కడెక్కడ పెట్టవచ్చో కూడా రాయించాలి. రాయకపోతే కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన జాబితా దాటి ఎక్కడా పెట్టడానికి వీలుండదు.

అయిదు, ఒక ట్రస్టీ పోతే తర్వాతివారిని ఎవరు ఎంచుకోవాలి?

వకీలు ఫీజు భయంతో ఆగిపోయినవాళ్ళకు ఒక మాట. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి.

స్టాంపు లేని కాయితం

ఫైల్లో ఆఖరున పెట్టిన రెండు పేజీలకు రిజిస్ట్రేషన్ లేదు. వాడు జొన్నరొట్టె తింటాడు, అన్నం చల్లారితే ముట్టడు. ఫిట్స్ గోళీ రాత్రి ఎనిమిదింటికి తప్పకూడదు. కరెంటు పోతే వణికిపోతాడు, అప్పుడు చెయ్యి పట్టుకొని మాట్లాడుతుండాలి. రోజుకొక్కసారైనా మగ్గాల వీధికి తీసుకుపోవాలి. కడుపు నొప్పిస్తే చెప్పలేడు, మోకాళ్ళు ముడుచుకొని గోడకు తిరుగుతాడు. ఇవి నాకొక్కదానికే తెలుసు. నాతోనే పోతే ఎన్ని లక్షలున్నా వాడికి ఎవరూ ఏమీ కొనిపెట్టలేరు. ఒక కాపీ అమ్మాయికిచ్చాను, ఒకటి టీచరమ్మకు.

ఆదివారం రాత్రి ఫైలుకు తాడు చుడుతుంటే చిన్నోడు వచ్చి పక్కన కూర్చున్నాడు. తాడు కొస పట్టుకొని తానూ చుట్టాడు. రేపు వాణ్ణి వెంట తీసుకుపోదామనుకున్నాను. ఆ రోజు మిషన్ మీద వేలు పెట్టించి ఇంటికి తెచ్చేశాం. రేపు కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఎవరి కోసం రాస్తున్నారో ఆ మనిషిని వకీలు చూడాలి.